అప్‌డేట్: చిన్న యూనిట్లకు ఆర్డర్ల పంపకం సిమ్యులేషన్ సమస్య తీరింది

ఆర్డర్లు సమానంగా పంచుతున్నా, నా సిమ్యులేషన్‌లో (పంపకాన్ని కంప్యూటర్‌లో అనుకరించి చూసే ప్రోగ్రామ్) కొన్ని చిన్న యూనిట్లు ఖాళీగా, కొన్ని గడువు దాటేంత పనితో ఉంటున్నాయని అడిగాను కదా. అది తీరిపోయింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

తప్పు నా లెక్కలోనే ఉంది. ఎవరికి ఎన్ని ఆర్డర్లు వెళ్లాయో చూస్తున్నాను, దాంతో 2 గంటల ఆర్డరూ 40 గంటల ఆర్డరూ ఒకటే అయిపోయాయి. ఇచ్చిన పని గంటలను యూనిట్ సామర్థ్యంతో (వారానికి అది చేయగల గంటలతో) భాగించి, ఎవరిది తక్కువైతే తర్వాతి ఆర్డర్ వాళ్లకివ్వమన్న సలహా పనిచేసింది. వారానికి 40 గంటల యూనిట్‌కు 6 గంటలు, 120 గంటల యూనిట్‌కు 18 గంటలు వెళ్తే రెండింటి నిష్పత్తీ 0.15. ఆ వరసలు పక్కపక్కన చూశాక ప్రాణం లేచొచ్చింది.

ఇంకో మెలిక ఉంది. విలువలు సమానమైతే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అతి తక్కువ విలువను వెతికే మిన్ ఫంక్షన్ జాబితాలో ముందున్నదాన్నే తీసుకుంటుంది. నా లెక్క ప్రతి వారం సున్నా నుంచి మొదలయ్యేది కాబట్టి, ఆర్డర్లు తక్కువున్న వారాల్లో పైనున్న యూనిట్లకే పని దొరికేది. ఇప్పుడు సమానంగా ఉన్నవాటిలో లాటరీ తీసినట్టు ఒకదాన్ని ఎంచుకుంటున్నాను, లెక్కను వారం వారం కొనసాగిస్తున్నాను. అలా కొనసాగిస్తే మాత్రం కొత్తగా చేరే యూనిట్‌ను సున్నాతో మొదలుపెట్టకండి, వచ్చే ఆర్డర్లన్నీ దానికే పోతాయి. అప్పటి సగటు నిష్పత్తి ఇవ్వాలి. ఇది తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలకు మొదలుపెట్టే విలువ) మార్చడం, సిమ్యులేషన్‌ను ఎక్కువసార్లు నడపడం వల్ల తేడా ఏమీ రాలేదు. పంపకం ఎంత సమానంగా ఉందో చెప్పే జైన్ ఫెయిర్‌నెస్ ఇండెక్స్ (1 అంటే పూర్తిగా సమానం) పనికొస్తుంది, కానీ ఆర్డర్ల సంఖ్య మీద కాదు, ఈ నిష్పత్తుల మీద వేయండి. సంఖ్య మీద వేసినప్పుడు 1కి దగ్గరగా చూపించి నన్ను తప్పుదారి పట్టించింది అదే.