ఇంటర్వెన్షన్ అయ్యేదాకా ఆగాలా, ఎవాల్యుయేషన్ ఇప్పుడే అడగాలా?

ప్లేనో_అమ్మ:
అమెరికా పబ్లిక్ స్కూల్లో రెండో తరగతి పిల్లకి చదవడం పట్టుబడట్లేదంటే "ముందు ఎనిమిది వారాలు ఇంటర్వెన్షన్ (వెనకబడ్డ పిల్లలకి స్కూల్లోనే ఇచ్చే అదనపు బోధన) ఇచ్చి చూద్దాం" అంటారు. ఆగడం మంచిదా, స్పెషల్ ఎడ్ ఎవాల్యుయేషన్ (ప్రత్యేక బోధనకి అర్హత ఉందో లేదో తేల్చే పరీక్ష) వెంటనే అడగాలా?

చట్టం_చదివినాయన:
ఆగొద్దండి. ఇంటర్వెన్షన్ పేరుతో ఎవాల్యుయేషన్ వాయిదా వేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011 జనవరిలోనే రాష్ట్రాలకు రాసింది. టీచరుకి నోటితో చెప్పి ఊరుకుంటే లెక్కలోకి రాదు. ప్రిన్సిపాల్‌కీ స్పెషల్ ఎడ్ డైరెక్టర్‌కీ తేదీ వేసి ఈమెయిల్ పెట్టండి. టెక్సస్‌లో 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి, మీరు సమ్మతి సంతకం పెట్టాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. సొంత గడువు పెట్టుకోని రాష్ట్రాల్లో సమ్మతి అందిన నాటి నుంచి 60 రోజులు. ఈ 45, 60 రోజుల్ని ఉత్తరం తేదీ నుంచి లెక్కేసుకుని మోసపోయేవాళ్ళే ఎక్కువ. స్కూలు ఒప్పుకోకపోతే కారణాలు రాసిన "ప్రయర్ రిటెన్ నోటీస్" అనే కాగితం ఇవ్వాల్సిందే, అడిగి తీసుకోండి.

రీడింగ్_టీచర్:
అంత తొందరపడితే పిల్లకే నష్టం రావచ్చు. వైకల్యం ఉందని తేలితే చాలదు, దానివల్ల ప్రత్యేక బోధన అవసరమనీ తేలాలి. పైగా సరైన రీడింగ్ బోధన అందకపోవడమో, ఇంగ్లీషు తక్కువ రావడమో అసలు కారణమైతే అర్హత ఇవ్వకూడదని ఫెడరల్ స్పెషల్ ఎడ్ చట్టమే అంటోంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల విషయంలో ఈ రెండోది తరచూ అడ్డొస్తుంది. మంచి బోధన ఇచ్చినా ఎదగలేదని చూపే వారంవారం స్కోర్లుంటే బోధన అందలేదన్న వాదన నిలబడదు.

చట్టం_చదివినాయన:
స్కోర్లు కావాలన్నది నిజమే. కానీ రెండూ కలిపే నడపొచ్చు కదా! ఏ ప్రోగ్రాం, వారానికి ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని నిమిషాలు, ఎవరు చెబుతున్నారు, ఇవన్నీ ఉత్తరంలోనే అడగండి. "పై తరగతికి పాసవుతోందిగా" అని తోసిపుచ్చడం కుదరదు. పాసవుతున్న పిల్లలకీ అర్హత ఉండొచ్చని నిబంధనల్లోనే ఉంది.

స్పీచ్_థెరపీ_కాకినాడ:
తెలుగు సంగతి నేను చెబుతాను. పరీక్ష బృందానికి ఇంటి భాష ముందే రాసివ్వండి. "పలకలో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది?" అని అడిగితే రెండో తరగతి పిల్ల "లక" అనగలగాలి. తెలుగు బాగా మాట్లాడే పిల్ల అక్కడా తడబడితే తప్పు ఇంగ్లీషు మీద వేయడం కష్టం. ఇలాంటివి నాలుగైదు రాసిపెట్టుకుని మీటింగులో చూపించండి.

ప్లేనో_అమ్మ:
బయట డాక్టరు దగ్గర ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) ఉందని రిపోర్టు తెస్తే సరిపోదా?

రీడింగ్_టీచర్:
సరిపోదండి. బృందం దాన్ని పరిశీలించాలి గానీ, ఒప్పుకోవాలన్న నియమం లేదు. చదువు మీద దాని ప్రభావం చూపాలి. ముందే డబ్బు పోయొద్దు. స్కూలు ఎవాల్యుయేషన్ నచ్చకపోతే స్కూలు ఖర్చుతో స్వతంత్ర ఎవాల్యుయేషన్ అడగొచ్చు. స్కూలు జిల్లా (ఆ ప్రాంతం స్కూళ్ళు నడిపే సంస్థ) డబ్బైనా కట్టాలి, లేదంటే తన పరీక్ష సరైనదేనని నిరూపించుకోవడానికి హియరింగ్‌కైనా (అధికారిక విచారణకి) వెళ్ళాలి.

చట్టం_చదివినాయన:
ఇక్కడ మీరూ నేనూ ఒకటే మాట. ఒక్కటి గుర్తుంచుకోండి: ఎవాల్యుయేషన్‌కి పెట్టిన సంతకం సేవలకి సమ్మతి కాదు, దానికి వేరే సంతకం ఉంటుంది. కాబట్టి మొదటిదానికి జంకక్కర్లేదు, ఆ కాగితం వచ్చిన రోజే పెట్టి పంపండి.