సమస్యాపూరణం: తలుపు దెఱచుటె యేకాంత తపముగాదె

నిర్వాహకులు: కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం తేటగీతి పాదం:

తలుపు దెఱచుటె యేకాంత తపముగాదె

జనానికి దూరంగా బతికేవారిని ఇంగ్లీషులో 'రిక్లూస్' అంటారు. ఆ మాటకు ముడిపెట్టి పూరించండి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరం మీద, దాని బదులు రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి కూడా చెల్లుతుంది.

పూరణ 1:

మూయుటే యర్థ మందురే మొదట? కాదు;
లాటినందునఁ దెఱచుటే లక్ష్యమయ్యె;
నాఁటి యర్థమె నిలిచిన నాలుకలను
తలుపు దెఱచుటె యేకాంత తపముగాదె!

నిర్వాహకులు: తలుపు తెరిస్తే ఏకాంతమెలా అన్న సమస్యలోని విరోధాన్ని మాట పుట్టుకతోనే విడగొట్టారు, భేష్. లాటిన్‌లో 'క్లౌడెరె' అంటే మూయడం. దానికి 'రె' చేరిన 'రెక్లూడెరె'కు ప్రాచీన లాటిన్‌లో తెరవడమనే అర్థం. తర్వాతి కాలపు లాటిన్‌లో అదే మాట మూసివేయడమైంది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది ఆ రెండో అర్థమే.

సవరణలు రెండు. లక్ష్యం అంటే గురి, అర్థం కాదు. 'లక్షితమ్ము' అనండి, గణమూ యతీ చెడవు. 'నాలుకలను' ద్రుతాంతం, అంటే చివర న-కారమున్న మాట, దాని పక్కన 'తలుపు' కాస్తా 'దలుపు' కావాలి. ఇచ్చిన పాదాన్ని కదపకూడదు కనుక మూడో పాదమే మారాలి: 'నాఁటి యర్థమె లోకాన నాటెనేని'.

ఒక సభ్యుడు: 'రిక్లూజ్' అనకూడదా అండీ?

నిర్వాహకులు: అమెరికాలో అక్కడక్కడా వినిపిస్తుంది. ఎక్కువమంది పలుకుబడి చివర 'స్'తోనే. బ్రిటిష్‌వారు రెండో అక్షరాన్ని ఒత్తుతారు, అమెరికన్లు తరచు మొదటిదాన్ని ఒత్తి 'రెక్లూస్' అంటారు. పద్యంలో 'రిక్లూసు' అంటే త-గణం (రెండు గురువులు, ఒక లఘువు) హాయిగా కుదురుతుంది.

పూరణ 2:

ఇల్లు మూసిన నొంటరి యేల యగును?
మఠపు ముంగిట నాకాశ మండపమ్ము,
లోని తోఁటకు దారిగా లోఁగిలుండు;
తలుపు దెఱచుటె యేకాంత తపముగాదె!

నిర్వాహకులు: ఇది రిక్లూస్ కాదు, దాని చుట్టం 'క్లాయిస్టర్'. క్రైస్తవ మఠాల్లో నడిమి పచ్చికను చుట్టి ఉండే కప్పున్న నడవ. అదీ 'క్లౌడెరె' సంతానమే, ఇరుకు గదులంటే భయపడే 'క్లాస్ట్రోఫోబియా' కూడా. అయితే ముంగిలి ఇంటి ముందుంటుంది, ఇది మఠం కడుపులో ఉంటుంది. 'మఠము నడుమ నాకాశపు మండపమ్ము' అంటే సరి. ఇంకో మెలిక: 'క్లాయిస్టర్డ్ లైఫ్' అంటే ఇప్పుడు లోకం పోకడ తెలియని బతుకని కాస్త ఎత్తిపొడుపు కూడా.

పూరణ 3:

కోరి గదిలోన నొక్కఁడే యుండువాఁడు
ఖైదుపడినట్టి రిక్లూసు గాక యెవఁడు?
వెలుఁగు జొచ్చిన నతనికి వెఱపు గలుగు;
తలుపు దెఱచుటె యేకాంత తపముగాదె!

మరొక సభ్యుడు: మొదటి పాదంలో యతి తప్పింది. 'కో'కు 'యుం' కుదరదు, ప్రాసయతీ లేదు.

నిర్వాహకులు: నిజమే. అంతకంటే పెద్ద తప్పు 'కోరి' అన్న నోటనే 'ఖైదు' అనడం. రిక్లూస్ తనంత తానుగా తప్పుకున్నవాడు. గదిలో బంధించినవాణ్ణి ఆ మాటతో పిలవరు. కోర్టు ఆజ్ఞతో విడిగా ఉంచిన జ్యూరీకి 'సీక్వెస్టర్డ్' అన్న వేరే మాట ఉంది. ఊరికి దూరంగా ఉన్న ఇంటికైతే 'సెక్లూడెడ్', ఆ ఇల్లు రిక్లూస్ కాదు. ఇలా మార్చి చూడండి:

కోరి గదిలోన నొక్కఁడే కూరుచుండి
గడపఁ దాఁటని రిక్లూసు కలఁడొకండు;

మూడో పాదం ముట్టుకోవద్దు. వెలుగంటే జంకేవాడికి తలుపు తీయడమే తపస్సంత కష్టమన్న ఊహ మిగిలిన రెండు పూరణల్లోనూ లేదు.