1600 మి.మీ. మస్టాంగ్: సీజీ 118 దగ్గర ఆగుతోంది, ముక్కులో 200 గ్రాముల సీసం పెట్టాలా?

ఉప్పల్_ఆర్‌సీ

నమస్తే అందరికీ. నాది పీ-51డీ మస్టాంగ్ యుద్ధవిమానం రేడియో కంట్రోల్ మోడల్, బాల్సా ఏఆర్‌ఎఫ్ (చాలావరకు కట్టేసి వచ్చే) కిట్టు, రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 1600 మి.మీ. కిట్టు 10 సీసీ గ్లో ఇంజిన్‌కి చేసింది. నేను దానికి బదులు 500 కేవీ (వోల్టుకి నిమిషానికి 500 చుట్లు) మోటరు, 6 సెల్ 4000 ఎంఏహెచ్ లిపో బ్యాటరీ వేస్తున్నాను. బ్యాటరీ ఒక్కటే 600 గ్రాములు, అన్నీ కలిపి 3200 గ్రాములు తూగింది. రిట్రాక్టులు (చక్రాల్ని ముడిచే కాళ్లు) ఎలక్ట్రిక్‌వి. రెక్క మొదట్లో వెడల్పు 300, కొసలో 150. కొస దగ్గర ముందంచు, మొదట్లో ముందంచు కంటే 60 వెనక్కి ఉంది.

మాన్యువల్‌లో సీజీ (గురుత్వ కేంద్రం, విమానం సమతూకంగా నిలిచే చోటు) 98 మి.మీ. అని ఉంది. డబ్బాలో విడిగా వేసిన చీటీలో 105. రెండూ రెక్క మొదట్లో ముందంచు నుంచే. నాకేమో 118 దగ్గర నిలబడుతోంది. ముక్కులో 200 గ్రాముల సీసం పెట్టెయ్యమని ఒక సలహా వచ్చింది. నిజంగా అంత మోయాలా? ఏ అంకె పట్టుకోవాలి? చక్రాలు ముడిచి చూడాలా, దించి చూడాలా? ఇంకో సంగతి, ఎగరేసేది మే నెలలోనే.

బాల్సా_బాబాయ్

చీటీని, మాన్యువల్‌ని కాసేపు పక్కన పెట్టండి. కొలతలు మీరే ఇచ్చారు, లెక్క కట్టేద్దాం.

ముందు సగటు వెడల్పు, అదే ఎంఏసీ. మొదలు, కొస కలిపితే 450. రెండూ గుణించి 450తో భాగిస్తే 100. 450లోంచి 100 పోతే 350, దాంట్లో మూడింట రెండు వంతులు 233. ఈ వెడల్పు మీ రెక్క మీద మధ్యగీత నుంచి 356 మి.మీ. దూరంలో పడుతుంది. అక్కడికి ముందంచు 27 వెనక్కి వాలి ఉంటుంది. ఇక సీజీ ఈ వెడల్పులో ఎంత శాతం దగ్గర పడుతుందో చూద్దాం. 233లో 25 శాతం 58, దానికి 27 కలిపితే 85. ఇలాగే 30 శాతానికి 97, 33 శాతానికి 104 వస్తాయి. అంటే మాన్యువల్ అంకె 30 శాతం చిల్లర, చీటీ అంకె 33 దాటింది. రెండూ అబద్ధం కాదు. మొదటిసారికి 96 దగ్గర పెట్టండి, ఆ తర్వాత వెనక్కి జరుపుకోవచ్చు.

118 అంటే 39 శాతం. అలా ఎగరేస్తే చక్రాలు నేల వదలగానే ముక్కు తనంతట తాను పైకి లేస్తుంది. ఎలివేటర్ (తోకలో ముక్కుని ఎత్తి దించే పలక) నొక్కితే ఒక్కసారిగా కిందికి పడుతుంది. మీరు దాని వెనక పరిగెత్తుతూనే ఉంటారు, ఈలోపు ఒక రెక్క స్టాల్ అయి (గాలి పట్టు తప్పి) తిరగబడుతుంది.

ఒక్క అనుమానం. మస్టాంగ్‌కి బాడీ పక్కన ముందంచు కాస్త ముందుకు పొడుచుకొస్తుంది. 300 కొలిచింది ఆ వంపుతో కలిపా? అలాగైతే పొడుగాటి స్కేలుని బయటి తిన్నని అంచుకి ఆనించి, ఆ గీతని బాడీ దాకా పొడిగించి అక్కడి నుంచి కొలవండి. ఇక్కడ 10 తప్పితే సీజీ కూడా దాదాపు అంతా తప్పుతుంది.

చక్రాల సంగతి విమానాన్ని బట్టి. మస్టాంగ్, హరికేన్, జీరో లోపలికి ముడుస్తాయి, స్పిట్‌ఫైర్, బీఎఫ్ 109 బయటికి. వీటిలో సీజీ పెద్దగా కదలదు. పీ-40, కోర్సెయిర్, హెల్‌క్యాట్ మాత్రం కాళ్లు మెలితిప్పి వెనక్కి పడుకోబెడతాయి, చక్రాల బరువంతా వెనక్కి పోతుంది. అలాంటివాటిని ముడిచే తూచాలి. మీది ఎలా చూసినా ఒకటే, అయినా ఎగిరే స్థితి కాబట్టి ముడిచే చూడండి.

కింది రెక్క విమానం కాబట్టి తలకిందులుగా పట్టుకోవాలి. మామూలుగా పెడితే బరువు ఆధారానికి పైన ఉండి, అటో ఇటో ఒరిగిపోతుంది తప్ప నిలవదు. రెండు కర్రలకి పెన్సిల్ రబ్బర్లు అంటించి స్టాండు చేసుకుంటే చాలు. రెక్క పైభాగాన బాడీకి రెండు పక్కలా 96 దగ్గర టేపు ముక్క వేసి, టేపు అంచు రబ్బరు మీద ఆనేలా పెట్టండి. స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందు టోపీ), ప్రొపెల్లర్, క్యానపీ (పైలట్ మీది మూత), కౌల్ (మోటరు చుట్టూ తొడుగు), స్క్రూలతో సహా అన్నీ బిగించి ఉండాలి. క్యానపీ ఉత్తది పెట్టి, పైలట్ బొమ్మ తర్వాత అంటిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అసలు మస్టాంగ్‌కే ఈ జబ్బు ఉండేది. పైలట్ వెనక 85 గ్యాలన్ల ట్యాంకు అదనంగా పెట్టారు, అంటే 320 లీటర్ల పైమాట. అది నిండుగా ఉంటే విమానం తోక బరువై గట్టిగా తిప్పడానికి పనికిరాదు. అందుకే దూరప్రయాణాల్లో ముందు ఆ ట్యాంకు చాలావరకు ఖాళీ చేసేవాళ్లు.

రాణీగంజ్_బోల్టు

అన్నా, సీసం జోలికి ఇప్పుడే పోకు. 200 అని చెప్పినాయన లెక్క తప్పు కాదు, వరస తప్పు. చూడు: 118 నుంచి 96కి రావాలంటే 22 మి.మీ. 3200ని 22తో గుణిస్తే 70,400. సీసం పెట్టే జాగా సీజీకి 340 ముందు ఉందనుకో, 70,400ని 340తో భాగిస్తే 207 గ్రాములు. కానీ అదే 70,400ని బరువు పెంచకుండా కూడా తేవచ్చు.

ఇది ఎందుకు తోక బరువైందంటే, గ్లో ఇంజిన్ సైలెన్సర్‌తో కలిపి ఆరేడు వందల గ్రాములు ఫైర్‌వాల్ (మోటరు బిగించే ప్లై గోడ) ముందర వేలాడుతది. నీ మోటరు అందులో సగం ఉండదు. నీ దగ్గర బరువున్నది బ్యాటరీ, అదేమో ఫైర్‌వాల్ వెనక కూసుంది. దాన్ని ముందుకు తే. 90 మి.మీ. జరిపితే 600 ఇంటూ 90, 54,000 వచ్చేసింది. ఇక మిగిలింది 16,400. ప్లాస్టిక్ స్పిన్నర్ తీసి దానికంటే 50 గ్రాములు ఎక్కువున్న అల్యూమినియందైతే, 370 దూరంలో 18,500. అయిపోయింది, సీసం సున్నా.

90 జరగాలంటే ఫైర్‌వాల్ కోయాలె. మస్టాంగ్ ముక్కు లోతుగా ఉంటది, మోటరు కింద జాగా దొరుకుతది. బ్యాటరీ అడ్డకోతకి నాలుగు దిక్కులా 4 మి.మీ. కలిపి కిటికీ గీసుకో. అంచుల పొంటి కనీసం 12 మి.మీ. ప్లై మిగలాలె, మోటరు బోల్టుల దరిదాపుల్లోకి కోత పోవద్దు. కోసినంక లోపలి మూలల్లో గట్టి చెక్క త్రికోణం ముక్కలు 30 నిమిషాల ఎపాక్సీతో అంటించు. 5 నిమిషాలది ఇక్కడ వద్దు, పెళుసు. మన ఎండల్లో 30 అని రాసింది పావుగంటకే బిగుసుకుంటది, కొంచెం కొంచెం కలుపుకో. మోటరు బోల్టులు 4 మి.మీ.వి, వెనక టీ-నట్, బోల్టుకి లాక్‌టైట్ (ఊడకుండా పూసే జిగురు).

ఒకటి మరవొద్దు. ఔట్‌రన్నర్ మోటరు డొప్ప మొత్తం తిరుగుతది. బ్యాటరీ దానికింద ఉంటది కాబట్టి నడుమ 1.5 మి.మీ. ప్లై పలక అడ్డం పెట్టు. వైరు డొప్పకి తగిలితే పై పొర ఒక్క ఫ్లయిట్‌లోనే అరిగిపోతది, ఆ తర్వాత షార్ట్. బ్యాటరీకి రెండు వెల్క్రో పట్టీలు, ట్రే మీద గరుకు వెల్క్రో కూడా ఉండాలె. బండి పైకి ఎక్కేటప్పుడు బ్యాటరీ 30 మి.మీ. వెనక్కి జారితే సీజీ 5 మి.మీ. పైన పోతది.

తోక కాడ కూడా వెతుకు. తోక చక్రం నీ సీజీ నుంచి 680 ఉంటే అక్కడ తీసిన ఒక్క గ్రాము ముక్కులో రెండు గ్రాములతో సమానం. లావు ఇనుప పుష్‌రాడ్ (తోక పలకల్ని కదిపే కడ్డీ) ఉంటే కార్బన్ గొట్టం వెయ్యి. ఫిన్ (తోక నిలువు రెక్క) అంటించేటప్పుడు కారిన ఎపాక్సీని స్పిరిట్‌తో తుడిచెయ్యి.

స్పీడ్_రాజా

105 అయితే ల్యాండింగ్‌లో మూడు చక్రాలూ ఒకేసారి మెత్తగా ఆనుతాయి. 96లో ముక్కు బరువుతో ఫ్లేర్ చేసేసరికి (దిగేముందు ముక్కు ఎత్తేసరికి) ఎలివేటర్ చాలదు. బాబాయ్ మరీ జాగ్రత్త.

బాల్సా_బాబాయ్

ల్యాండింగ్ మాట నిజమే. కానీ ట్రిమ్ (చేతులు వదిలినా తిన్నగా పోయే సర్దుబాటు) కూడా పడని కొత్త విమానానికి 105 ఇవ్వను. ఎలివేటర్ చాలకపోతే త్రో (పలక కదిలే దూరం) 2 మి.మీ. పెంచుకోవచ్చు. తోక బరువైతే ట్రాన్స్‌మిటర్‌లో పెంచుకోడానికి ఏమీ ఉండదు.

ఉప్పల్_ఆర్‌సీ

300 కొలిచింది తిన్నని అంచు పొడిగించే. బ్యాటరీ 90 జరిపాను, అల్యూమినియం స్పిన్నర్ పెట్టాను, స్టాండు మీద 96, 97 మధ్య నిలుస్తోంది. రబ్బరు మొన మీద ఒక మి.మీ. తేడా కంటికి తెలియడం లేదు. వంటింటి కాటాతో సరిచూసుకునే దారి ఉందా? ఇంకోటి, ఎటు పట్టుకున్నా కుడి రెక్క కిందికి దిగుతోంది.

బాల్సా_బాబాయ్

ఉంది. చక్రాలు దించి, తోక కింద కాటా పెట్టి, కాటా కింద పుస్తకాలు పేర్చి బాడీని సరిగ్గా నేలబారు చెయ్యండి. తోక చక్రం మీద పడే బరువుని ముందు ఇరుసు నుంచి తోక చక్రం దాకా దూరంతో గుణించి, మొత్తం బరువుతో భాగించండి. ఉదాహరణకి తోక 300 గ్రాములు చూపించి, దూరం 900 అయితే, 3200తో భాగిస్తే 84. సీజీ ఇరుసుకి 84 వెనక ఉందన్నమాట. ఇరుసు రెక్క మొదట్లో ముందంచుకి 10 వెనక ఉంటే మీ సీజీ 94. బాడీ నేలబారుగా లేకపోతే అంకె తప్పు వస్తుంది, లెవెల్ చూసే గాజు గొట్టం వాడండి.

అదే స్థితిలో ఇంకోటి కూడా చూసుకోండి. ఇరుసు ముందంచుకి మరీ వెనక్కి ఉంటే గడ్డి మీద బండి ముక్కు పొడుచుకుంటుంది. చక్రం ఉన్న చోటి ముందంచు కిందే, లేదా పిసరు ముందుకి ఉండాలి. చక్రాలు రెండూ ముందువైపు ఒకదానికొకటి 1 డిగ్రీ దగ్గరగా ఉంటే తిన్నగా పోతుంది.

కుడి రెక్క మాటకొస్తే, ప్రొపెల్లర్ షాఫ్టు ఒక వేలి మీద, రడ్డర్ (తోకలో నిలువు పలక) అడుగు ఇంకో వేలి మీద ఉంచి ఎత్తండి. ఎడమ కొసకి ఐదు రూపాయల బిళ్లలు టేపుతో అంటిస్తూ పోండి. రెండు బిళ్లలకి నిలిస్తే, వాటిని తూచి అంత బరువే లోపల పెట్టాలి. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కి అంటించే 5, 10 గ్రాముల ముక్కలు దొరుకుతాయి. కొస బాల్సాలో గుంత చేసి ఎపాక్సీతో పూడ్చి ఫిల్మ్ (రెక్క పై తొడుగు) వేసెయ్యండి. దీన్ని వదిలేస్తే తిన్నగా పోయేటప్పుడు అయిలరాన్ (రెక్క కొస దగ్గరి వెనక పలక) ట్రిమ్ కప్పిపుచ్చుతుంది, గట్టిగా పైకి లాగినప్పుడు మాత్రం ఎప్పుడూ అదే రెక్క పడుతుంది.

బరువు సరిచేశాక మెలిక చూడండి. రెక్కని బల్ల మీద పెట్టి మొదలు కదలకుండా ఒత్తి, రెండు కొసల్లో వెనకంచు ఎత్తు కొలవండి. 150 వెడల్పుకి 2 డిగ్రీల వాషౌట్ (కావాలని ఇచ్చే మెలిక) అంటే వెనకంచు 5 మి.మీ. పైకి. రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక వైపు 5, ఇంకో వైపు 1 ఉంటే ఏ బిళ్లా కాపాడదు. ఒకరు రెక్కని మెలిపెట్టి పట్టుకుంటే ఇంకొకరు వేడిగాలితో ఫిల్మ్ బిగించాలి. చల్లారేదాకా వదలొద్దు.

రాణీగంజ్_బోల్టు

సర్వోలు (పలకల్ని కదిపే చిన్న మోటర్లు) సెట్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి పెట్టు అన్నా, 6 సెల్ తమాషా కాదు. ఎలివేటర్ 12 మి.మీ. పైకి, 12 కిందికి, అయిలరాన్ 10, ఎక్స్‌పో (స్టిక్కు నడుమ కదలికని మెత్తబరిచే సెట్టింగు) 30 శాతం. ఎక్స్‌పో గుర్తు చూస్కో: ఫుటాబాలో మైనస్ అయితే మెత్తబడతది, స్పెక్ట్రమ్‌లో ప్లస్. ఉల్టా పెడితే నడుమ కత్తిలెక్క అయితది. ఫ్లాప్ (రెక్క మొదట్లో కిందికి దిగే వెనక పలక) టేకాఫ్‌కి 15 డిగ్రీలు, దిగేటప్పుడు 40. ఫ్లాప్ దింపితే ముక్కు ఎగురుతది, 2 మి.మీ. డౌన్ ఎలివేటర్ మిక్స్ చెయ్యి. మోటరు 2 డిగ్రీలు కుడికి, 1 కిందికి.

మే నెల సంగతి. మన హైదరాబాద్ సముద్రానికి 500 మీటర్ల పైన. 40 డిగ్రీల మధ్యాహ్నం గాలి, సముద్ర మట్టంలో 15 డిగ్రీల గాలి కంటే 14 శాతం పల్చన. స్టాల్ స్పీడు 7, 8 శాతం పెరుగుతది. నీ బండికి రెక్క చదరపు డెసిమీటరుకి దాదాపు 89 గ్రాములు పడుతుంది, అంటే స్టాల్ గంటకి సుమారు 44 కిలోమీటర్లు. పొద్దున ఏడు లోపలే ఎగరేసుకో, అప్పుడు గాలి కూడా తక్కువ. బండిని, బ్యాటరీని కారులో ఎండకి వదలకు, ఫిల్మ్ ముడతలు పడతది, లిపో ఉబ్బుతది. దుండిగల్, హకీంపేట, బేగంపేట, శంషాబాద్ చుట్టుపక్కల అసలు వద్దు. ముందుగాల డిజిటల్ స్కై మ్యాప్‌లో (ఎక్కడ ఎగరేయొచ్చో చూపే సర్కారు మ్యాప్) రంగు చూసి పో.

థ్రాటిల్ ఒక్కసారి తొయ్యకు, మూడు నాలుగు సెకన్లు తీసుకో. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లులెక్క తిరుగుతది కాబట్టి ముక్కు ఎడమకి గుంజుతది. కుడి రడ్డర్ ముందే పెట్టి ఉంచు. గాల్లోకి పోయినంక 30 మీటర్ల దాకా మలుపు తిప్పకు.

బాల్సా_బాబాయ్

మూడు నాలుగు ఫ్లయిట్లు అయ్యాక సీజీ సంగతి గాల్లోనే తేల్చుకోండి. మూడింట రెండు వంతుల థ్రాటిల్‌లో ట్రిమ్ చేసి, ఎత్తుకెళ్లి, థ్రాటిల్ తీసేసి 45 డిగ్రీల డైవ్‌లో పెట్టి చేతులు వదలండి. మెల్లగా ముక్కు లేపితే సరిగ్గా ఉంది. గబుక్కున లేపితే ముక్కు బరువు. ఇంకా కిందికి తొంగుతుంటే తోక బరువు, వెంటనే దించి సరిచెయ్యండి. స్పీడ్_రాజా చెప్పిన 105 వైపు పోవాలంటే ఇప్పటి నుంచే పోండి, ఒక్కో ఫ్లయిట్‌కి కొంచెం. బ్యాటరీ 5 మి.మీ. వెనక్కి జరిపితే మీ బండిలో సీజీ దాదాపు 1 మి.మీ. జరుగుతుంది. ట్రే మీద 5 మి.మీ.కి ఒకటి చొప్పున పెన్సిల్ గీతలు పెట్టుకోండి, ఏ గీత దగ్గర ఎలా ఎగిరిందో పక్కనే రాసుకోండి.