పాత హోటల్, ఏడుగురం, "ఫస్ట్ ఫ్లోర్": ఎవరైనా కాస్త చెప్పండి

నిద్రలేని అమ్మడు:
మధ్యాహ్నం నుంచి ఇదే పని, నాలుగు గంటలైంది, తల పగిలిపోతోంది. అందరం ఒకేచోట ఉండాలని ఒక పాత హోటల్ బుక్ చేశాం. ఫొటోల్లో భలే ఉంది, వందేళ్ళు దాటిన బిల్డింగట. కనెక్టింగ్ రూమ్స్ అడిగితే కన్ఫర్మేషన్‌లో "అడ్జాయినింగ్, సబ్జెక్ట్ టు అవైలబిలిటీ" అని వచ్చింది. బుకింగ్ సైట్‌కి ఫోన్ చేస్తే హోటల్‌ని అడగమంటారు, హోటల్‌కి చేస్తే సైట్‌లో తీసుకున్నారు కాబట్టి వాళ్ళనే అడగమంటారు. మెట్లెక్కలేరు కాబట్టి ఫస్ట్ ఫ్లోర్ కావాలని ముందే రాసి పెట్టాను, అదొక్కటి సరిగ్గా ఇచ్చారు. పెద్దాడికి కాట్ కూడా ఓకే అన్నారు. ఇప్పుడు ఉంచాలా, తీసేయాలా? ఎల్లుండి దాటితే డబ్బు వెనక్కి రాదు.

ముక్కుసూటి:
ఏ ఊరు? ఎంతమంది? ఎన్ని రూములు? మెట్లెక్కలేనిది ఎవరు? ఇవేవీ చెప్పకుండా ఉంచాలా తీసేయాలా అంటే ఏం చెప్తాం.

పాతగోడలు:
పాత హోటల్ ఎంచుకున్నందుకు ముందు అభినందనలు. కానీ పాతదంటే ఎలాంటి పాతదో తెలుసుకోవాలి. లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్ ముందున్న మిడ్‌ల్యాండ్ గ్రాండ్‌నే తీసుకోండి. 1873లో తెరిచారు, కట్టింది జార్జ్ గిల్బర్ట్ స్కాట్. కోటలా ఉంటుంది, కానీ గదులన్నిటికీ స్నానాల గదులు లేవు. గదిలోకే తొట్టె మోసుకొచ్చి, నీళ్ళు పోసి, మళ్ళీ ఎత్తుకెళ్ళాలి. 1889లో అదే ఊళ్ళో సవాయ్ హోటల్ వచ్చేసరికి కరెంటు దీపాలు, కరెంటు లిఫ్టులు, చాలా గదులకు సొంత బాత్రూములు! ఇక పాతదాని దగ్గరికి ఎవరొస్తారు? 1935లో హోటల్ మూసేసి రైల్వే ఆఫీసులు పెట్టుకున్నారు. 1967లో గ్రేడ్ వన్, అంటే అన్నిటికన్నా పై స్థాయి రక్షిత కట్టడంగా రక్షణ దొరికింది, 2011లో మళ్ళీ హోటల్‌గా తెరిచారు. చెప్పొచ్చేదేంటంటే, ఇలాంటి భవనాల్లో గోడకి ఒక తలుపు పెట్టాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. అందుకే కనెక్టింగ్ రూములు తక్కువ. హోటల్‌వాళ్ళని తిట్టి లాభం లేదు.

ముక్కుసూటి:
ఆవిడ ఊరే చెప్పలేదు, మీరు లండన్ తిప్పేశారు.

నిద్రలేని అమ్మడు:
అయ్యో, లండనే అండీ! చెప్పాననుకున్నాను. తమ్ముడి కాన్వొకేషన్. మేం అమెరికా నుంచి, అమ్మావాళ్ళు ఇండియా నుంచి వస్తున్నాం. అమ్మమ్మ, అమ్మ, నాన్న, మేమిద్దరం, తొమ్మిదేళ్ళ బాబు, పద్నాలుగు నెలల పాప. మూడు రూములు. అమ్మమ్మకి ఎనభై రెండు, వాకర్‌తో నడుస్తుంది. "మెట్లుంటే నేను రాను, మీరెళ్ళి ఫొటోలు పంపండి" అని ఇప్పటికే రెండుసార్లు అలిగింది. అందుకే ఫస్ట్ ఫ్లోర్ పట్టుబట్టి తీసుకున్నా.

కొలతల బాబు:
అక్కడే మునిగారు మేడమ్. అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల మీద ఉన్నది. లండన్‌లో అది గ్రౌండ్ ఫ్లోర్. అక్కడ ఫస్ట్ ఫ్లోర్ అంటే ఒకటి పైన! వాళ్ళు మీరడిగినట్టే మీ అమ్మమ్మగారిని మెట్ల పైకి ఎక్కించారు.

నిద్రలేని అమ్మడు:
దేవుడా. ఇండియాలోనూ అంతే కదా, పదిహేనేళ్ళలో నేనే మర్చిపోయాను. లిఫ్ట్ ఉందని రాశారు, పర్వాలేదా మరి?

కొలతల బాబు:
లిఫ్ట్ సంగతి తర్వాత. కాట్ కూడా చూసుకోండి. అమెరికాలో కాట్ అంటే మడతమంచం, లండన్‌లో కాట్ అంటే ఊచలున్న పసిపిల్లల మంచం, మన ఊళ్ళలో అయితే ఏ మంచమైనా కాటే. తొమ్మిదేళ్ళ బాబుకి పాపాయి మంచం వేసి పెడతారు. "ఎక్స్‌ట్రా బెడ్" అనండి. పాపకి కాట్ అనండి, ఒక మంచంతో రెండు పనులూ అయిపోయాయనుకోకండి. డబుల్ అంటే ఇద్దరికీ కలిపి ఒకటే మంచం, ట్విన్ అంటే రెండు విడి మంచాలు. అమ్మా నాన్నలకి ఏది కావాలో కూడా రాయండి.

తెల్లకాగితం:
కనెక్టింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. కనెక్టింగ్ అంటే రెండు గదుల మధ్య లోపలే తలుపు ఉంటుంది. అడ్జాయినింగ్ అంటే పక్కపక్క గదులు, గోడ ఒకటే, తలుపు ఉండదు. అడ్జసెంట్ అంటే దగ్గర్లో ఎక్కడో, ఎదురుగా కూడా కావచ్చు.

కొలతల బాబు:
అలా గీత గీసినట్టు ఉండదు. కొన్ని హోటళ్ళు మధ్య తలుపున్నదాన్ని కూడా అడ్జాయినింగ్ అనే రాస్తాయి. మాట పట్టుకోకుండా "లోపల తలుపు ఉందా, రెండువైపులా గడియ ఉందా" అని అడగాలి.

తెల్లకాగితం:
పదిమంది తప్పుగా వాడినంత మాత్రాన అర్థం మారుతుందా?

ముక్కుసూటి:
మారుతుంది.

పాత పెట్టె:
లిఫ్ట్ ఉందన్నారు కదా, నా అనుభవం చెప్తాను. మా అత్తగారితో ఇలాంటి హోటల్లోనే దిగాం, పేరు వద్దులెండి. అక్కడ వరసగా ఉన్న నాలుగైదు పాత ఇళ్ళని లోపల గోడలు కొట్టి ఒక హోటల్ చేస్తారు, ఒక్కో ఇంటి నేల ఒక్కో ఎత్తులో ఉంటుంది. లిఫ్ట్ ఉంది, నిజమే. వీధి గుమ్మం దగ్గర మూడు మెట్లెక్కితే లిఫ్ట్. అందులో ఒక పెద్దావిడ, ఒక పెట్టె, ఇంకొకరు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడాలి. దిగాక ఐదు మెట్లు కిందికి, తర్వాత తోస్తే కదలని బరువైన ఫైర్ డోర్, అవతల మళ్ళీ రెండు మెట్లు. అత్తగారు ఆ తలుపు దగ్గర సూట్‌కేస్ మీద కూర్చుండిపోయారు. కార్పెట్ మీద ఎర్ర పువ్వులున్నాయి, పావుగంట ఆ పువ్వులే లెక్కపెట్టారట, తర్వాత చెప్పారు. గదిలోకి చేరాక స్నానానికి మోకాలు దాటిన ఎత్తులో టబ్బు. నాలుగు రోజులూ వాష్‌బేసిన్ దగ్గరే తడి గుడ్డతో ఒళ్ళు తుడుచుకున్నారు పాపం.
కాబట్టి "లిఫ్ట్ ఉందా" అని అడక్కండి. "వీధి నుంచి మంచం దాకా ఒక్క మెట్టయినా ఉందా" అనండి, వాళ్ళ భాషలో స్టెప్-ఫ్రీ. "టబ్బు వద్దు, వాక్-ఇన్ షవర్ కావాలి" అనండి. వాకర్ తలుపులోంచి పడుతుందో లేదో వెడల్పు కూడా కొలిచి చెప్పమనండి. యాక్సెసిబుల్ రూమ్ అని వాళ్ళ దగ్గర విడిగా ఉంటే ముందు అదే అమ్మమ్మగారికి.

పాతగోడలు:
బ్రిటన్‌లో 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ అనే చట్టం ప్రకారం కదల్లేని అతిథులకి సహేతుకమైన ఏర్పాట్లు చేయాల్సిన బాధ్యత హోటళ్ళ మీద ఉంది. సహేతుకం అనే మాటే కీలకం, రక్షిత కట్టడంలో రాతిమెట్లు పగలగొట్టమని అడగలేరు. గమ్మత్తేమిటంటే గ్రాహం బెల్ తన టెలిఫోన్‌ని లండన్‌లోని బ్రౌన్స్ హోటల్ నుంచే...

ముక్కుసూటి:
ఆవిడ నాలుగు గంటలుగా టెలిఫోన్ మీదే ఉంది సార్.

పట్టాల మీద:
నా రెండు మాటలు. హీత్రో ఎయిర్‌పోర్ట్ నుంచి ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కండి, 2022లో మొదలైంది, మొత్తం 41 స్టేషన్లలో వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేకుండా వెళ్ళొచ్చు. పాత ట్యూబ్‌లో, అంటే అక్కడి భూగర్భ రైళ్ళలో, ఆ భరోసా ఉండదు, చాలా స్టేషన్లలో మెట్లే. టాక్సీ అయితే నల్ల క్యాబ్‌లన్నిటికీ ర్యాంప్ ఉంటుంది, వీల్‌చెయిర్‌తో సహా ఎక్కించుకుంటారు. కానీ ఏడుగురు, సామాన్లూ కలిసి ఒక క్యాబ్‌లో పట్టరు, రెండు కావాలి. విమానం పొద్దున్నే దిగితే గది మధ్యాహ్నం మూడింటిదాకా ఇవ్వరు, అదీ చూసుకోండి. ఎనభై రెండేళ్ళావిడని లాబీలో కూర్చోబెట్టే బదులు ముందు రోజు రాత్రికి ఆ ఒక్క గది అద్దె కట్టేయడం మేలు.

తెల్లకాగితం:
నాకో సందేహం. మనం రెండంతస్తుల మేడ అంటాం, కింద ఒకటి, పైన ఒకటి. అంటే కిందదే మొదటి అంతస్తు కదా? అమెరికావాళ్ళ లెక్కే తెలుగు లెక్క.

కొలతల బాబు:
అంతస్తులు ఎన్నో లెక్కపెట్టడం వేరు, దానికి పేరు పెట్టడం వేరు. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా మొదటి అంతస్తు అంటే పైనే.

పాత పెట్టె:
మా ఇంట్లో కింద, మేడ మీద, డాబా మీద. ఎప్పుడూ ఎవరూ తప్పిపోలేదు.

నిద్రలేని అమ్మడు:
మళ్ళీ హోటల్‌కే చేశాను. పాత పెట్టె గారు చెప్పినట్టు వీధి నుంచి మంచం దాకా అని అడిగితే ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి నిజంగా నడిచి చూసొచ్చింది. మాకిచ్చిన ఫస్ట్ ఫ్లోర్ గదికి లిఫ్ట్ దిగాక నాలుగు మెట్లట. గ్రౌండ్ ఫ్లోర్‌లో షవరున్న గది ఒకటి ఉంది, అమ్మమ్మకీ అమ్మకీ అది మార్చి మెయిల్ పంపింది. నాన్న, మేము పైనే. గదుల మధ్య తలుపు మాత్రం మాటివ్వలేమన్నారు. వీధి గుమ్మం దగ్గర రెండు మెట్లున్నాయి, ర్యాంప్ వేస్తామంది, అది మాత్రం మెయిల్లో లేదు. అందరికీ థాంక్సండీ, పాప లేచింది.

ముక్కుసూటి:
ర్యాంప్ కూడా రాయించుకోండి.

తెల్లకాగితం:
కొలతల బాబు గారూ, మరి ఏడంతస్తుల మేడ సంగతేంటి?