బయోడీజిల్ దేనితో చేశారని మీ కస్టమర్లు అడుగుతున్నారా?

పంపిణీదారు: నేను బయోడీజిల్ కలిపిన ఇంధనం సప్లై చేస్తాను. ఇదివరకు రేటు, మైలేజీ తప్ప వేరే ప్రశ్న ఉండేది కాదు. ఇప్పుడు "ఇది ఏ నూనెతో చేశారు?" అంటున్నారు. వాడిన వంటనూనె అంటే సంతోషంగా తీసుకుంటారు. పామాయిల్ అంటే అడవుల నరికివేత గుర్తుచేస్తారు. జంతువుల కొవ్వు అనగానే కొందరు ఇక మాట్లాడరు. మీ దగ్గర ఎలా ఉందండీ?

లారీ ఓనర్: నాకు మూలం పట్టింపు ఉండేది కాదు, ఒక చలికాలం దాకా. ఆ రోజు తెల్లవారుజామున ఫిల్టర్లు మైనం పట్టినట్టు మూసుకుపోయి, మూడు బండ్లు కదల్లేదు. తర్వాత విచారిస్తే అది కొవ్వుతో చేసిన సరుకట. ముందే ఒక్క మాట చెబితే ఆ నెలకి వేరేది నింపించుకునేవాణ్ణి కదా!

ల్యాబ్‌లో పనిచేస్తాను: అది మామూలే. కొవ్వుతోనో పామాయిల్‌తోనో చేసిన బయోడీజిల్, ఏమీ కలపకుండా ఉంటే, సుమారు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మైనం రేణువులు ఏర్పడి మసకబారుతుంది. సోయాది సున్నా దరిదాపుల్లో, ఆవాల జాతికి చెందిన రేప్‌సీడ్‌ది ఇంకా కిందికి. డీజిల్‌లో కొద్ది శాతమే కలిపితే ఇబ్బంది బాగా తగ్గుతుంది. కొవ్వు సరుకు నాసిరకం అనుకోకండి, దాని సీటేన్, అంటే ఇంజిన్‌లో ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే సంఖ్య, సోయాకన్నా ఎక్కువ. బయోడీజిల్ నాణ్యతకు అమెరికా సంస్థ ఏఎస్‌టీఎమ్ పెట్టిన డీ6751 ప్రమాణం చూసేది తయారైన ఇంధనాన్నే, అది ఏ నూనె నుంచి వచ్చిందన్నది కాదు.

శాకాహారి: నా అభ్యంతరం చలి గురించి కాదండీ. మిథనాల్ అనే ఆల్కహాల్‌తో చర్య జరిగాక అది కొవ్వు కాదు, ఎస్టర్ అనే వేరే పదార్థం అని సేల్స్ అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. అర్థమైంది. అయినా మనసు ఒప్పుకోలేదు. అడిగితే గానీ చెప్పకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పాత కస్టమర్: వాడిన నూనె అన్నా నాకు పూర్తి నమ్మకం లేదు. యూరప్‌లో దానితో చేసిన ఇంధనాన్ని పునరుత్పాదక ఇంధన లక్ష్యాల లెక్కలో రెట్టింపుగా చూపే వీలుంది. అందుకే కొత్త పామాయిల్‌నే వాడినదిగా చూపి అమ్ముతున్నారన్న అనుమానాలు వచ్చాయి. నూనె ఎక్కడ సేకరించారో కాగితం చూపమంటాను.

పంపిణీదారు: మా ట్యాంకులో రెండు మూడు రకాలు కలుస్తాయి, బ్యాచ్ బ్యాచ్‌కీ మారతాయి. అయినా ఈసారి నుంచి ఏ రకాలున్నాయో బిల్లు మీదే రాయిస్తాను. కొవ్వు ఉన్న బ్యాచ్‌కి విడిగా ట్యాంకు పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా నడుపుతున్నారో చెప్పండి.