అప్‌డేట్: వదిన అన్న ‘కంపు’ తిట్టు కాదట

పోయిన వారం అడిగింది నేనే. బళ్లారి నుంచి వచ్చిన మా కొత్త వదిన, అమ్మ జడలో మల్లెపూల దండ చూసి "ఎంత కంపో అత్తయ్యా!" అంది. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. ఆ మాటకు వేరే అర్థం ఉందా అని అడిగాను.

ఉందన్నారు మీరంతా. కన్నడంలో కంపు అంటే పరిమళమేనట, పాత తెలుగులోనూ మంచి వాసనకు వాడేవారట. మన వాడుకలోనే అది మురిక్కాలవలో పడింది.

అమ్మ ముందు నమ్మలేదు. వదినని అడిగితే "మల్లిగె కంపు అంటాం కదా" అంది. ఇక్కడ దాని అర్థం చెప్పగానే రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది, పాపం.

అసలు మన ‘వాసన’ మాత్రం తక్కువదా? "పూలు భలే వాసనొస్తున్నాయి" అంటే మెప్పు, "చొక్కా వాసనొస్తోంది" అంటే తిట్టు. ఈ తేడా నేర్పడానికే ఎక్కువ టైం పట్టింది. వంటకి ఘుమఘుమ, పూలకి పరిమళం, మనుషుల విషయంలో నోరెత్తకు అని తేల్చేసింది అమ్మ.

నిన్న గోంగూరకి తాలింపు వేస్తూ అమ్మే అడిగింది, "కంపు ఎలా ఉందే?" అని. వదిన ఇంకా భయంభయంగానే నవ్వుతోంది.