ఒక్క సిలిండర్ మిస్సింగ్‌కి నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలా?

మద్దిలపాలెం: నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, ప్లగ్గుకో కాయిల్ (నిప్పురవ్వకి వోల్టేజీ ఇచ్చేది). 78,000 కి.మీ. తిరిగింది. సిగ్నల్‌లో ఆగితే వణుకుతోంది, సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే కుదుపు, పికప్ లేదు. స్కానర్‌లో పీ 0302 వచ్చింది. మెకానిక్ నాలుగు ఇంజెక్టర్లూ (పెట్రోల్ చిమ్మేవి) మార్చాలంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ప్లగ్గుపానా: అప్పుడే వద్దు గురూ. ఆ కోడ్‌కి అర్థం రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోల్ సరిగా మండట్లేదని, అంతే. ఇంజెక్టర్ పోయిందని అది చెప్పదు. ఇంజన్ చల్లారాక రెండో కాయిల్‌నీ మూడో కాయిల్‌నీ అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపి, అదే ఘాట్ ఎక్కించండి. చెక్ ఇంజన్ లైటు వెలగకపోయినా స్కానర్‌లో పెండింగ్ కోడ్స్ (లైటు వెలిగేదాకా రాని లోపాలవి) చూడండి. పీ 0303 వస్తే కాయిలే పోయింది. రాకపోతే ప్లగ్గులు అలాగే మార్చి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే మాత్రం దోషం దేనిదో తేలదు. మన ఊళ్లో ఉప్పుగాలి కదా, కాయిల్ కనెక్టర్ పిన్నులకి పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. ప్లగ్గు గుంటలో ఆయిల్ ఉంటే ముందు ఆ సీలు మార్పించాలి, లేకపోతే కొత్త కాయిల్ కూడా పాడవుతుంది.

ఆటోనగర్ దారి: మెకానిక్ మాట పూర్తిగా కొట్టిపారేయకండి. ఇంజెక్టర్ మూసుకుపోయినా ఇదే కోడ్, ఇదే కుదుపు. నాలుగూ కొనమనడమే తప్పు. విప్పించి క్లీనింగ్ మెషిన్ మీద పెడితే నాలుగింటి నుంచీ ఎంతెంత పెట్రోల్ వస్తోందో గాజు గొట్టాల్లో కళ్లకు కనబడుతుంది. నన్నడిగితే అంతకంటే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో చూడాలి.

ప్లగ్గుపానా: కాయిల్ మార్పిడికి పది నిమిషాలు, పైసా ఖర్చు లేదు. ముందు అదే. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మీద బరువు పడి సిలిండర్ లోపల ఒత్తిడి పెరిగి నిప్పురవ్వకి ఎక్కువ వోల్టేజీ కావాలి, నీరసించిన కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది.

ఆటోనగర్ దారి: కాయిల్, ప్లగ్గు మార్చినా కోడ్ కదలకపోతే? అప్పుడైనా కొత్త పార్టు కొనకముందు కంప్రెషన్ చూడాల్సిందే. నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్ కనెక్టర్లు తీసి, పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టించండి. నాలుగు రీడింగులూ రాయించుకోండి. రెండోది మిగతావాటికంటే బాగా తక్కువుంటే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే పిస్టన్ రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో పోయినట్టు. ఆ సందర్భంలో ఇంజెక్టర్లకి పెట్టిన డబ్బంతా వృథా.

ప్లగ్గుపానా: ఆ వరస ఒప్పుకుంటాను. ఒక్కటి మరవకండి, చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటే ఘాట్ పరీక్ష మానేయండి. కాలని పెట్రోల్ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి తేనెపట్టులాంటి జాలీ కరిగిపోతుంది. దాని ధర ముందు నాలుగు కాయిల్స్ ఏ మూలకి?